ప్రజావాణికి ఒక అర్జీ

మా బావతో బజారుకు పోతే కొనేది తక్కువ, వినేది ఎక్కువ. సైన్సు సారుగా చేసి రిటైరయ్యాడు. పిల్లల్ని వదిలిపెట్టాడు గానీ పాఠాన్ని వదల్లేదు. అక్క కందిపప్పు డబ్బా మూత తీస్తే చాలు, మెటానిల్ ఎల్లో గురించి మొదలవుతుంది. పాత పప్పుకు కొత్త మెరుపు తేవడానికి కలిపే రంగు అది. తినే రంగు కాదు. అనుమానమున్న పప్పు కడిగిన నీళ్లలో నాలుగు చుక్కలు హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. పనిచేసిన ప్రతి బడిలోనూ ఆయన ఈ ప్రయోగం చూపించాడు. పెళ్లయిన కొత్తలో మా అమ్మ వండిన పప్పు మీద కూడా చేయబోయాడని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"తాండూరు కందికి 2022ల జీఐ గుర్తింపు వచ్చిందిరా బామ్మర్దీ. గిసొంటి నల్లరేగడిల పండిన పప్పుకు రంగు కలిపేటోన్ని ఏం చెయ్యాలె, చెప్పు?"

నేను చెప్పను. చెప్తే ఇంకో అరగంట.

వికారాబాద్ 2016 అక్టోబరు 11న జిల్లా అయింది. ఊరంతా ప్లాట్ల రేట్లు మాట్లాడుకుంటుంటే, బావ మాత్రం కలెక్టరాఫీసు ఊళ్లోకే వచ్చిందని సంతోషపడ్డాడు. పాత రంగారెడ్డి జిల్లాలో ఉన్నన్నాళ్లూ అర్జీ పెట్టాలంటే హైదరాబాద్ దాకా పోవాల్సి వచ్చేది. ఇప్పుడు పొద్దున అనంతగిరి వైపు నాలుగడుగులు నడిచి, ఇంటికొచ్చి టిఫిన్ చేసి, సోమవారమైతే తిన్నగా ప్రజావాణికి పోవచ్చు. వీధి దీపం, మురికి కాల్వ, హోటల్లో మరిగి మరిగి నల్లబడ్డ నూనె, ఏదైనా సరే. చొక్కా జేబులో నాలుగు మడతల తెల్లకాగితం, నీలం పెన్ను ఎప్పుడూ సిద్ధం. అర్జీలో ఒక్క అక్షరం తప్పు పోదు. ఎదుటివాళ్ల బోర్డు మీద తప్పుంటే మాత్రం ఆగి మరీ చెప్తాడు. "స్పెల్లింగ్ సక్కగ లేనోడు సరుకు సక్కగ ఇస్తడా?" అనేది ఆయన సిద్ధాంతం.

కొడుకు తాండూరులో దుకాణం పెట్టుకున్నాడు. కిరాణా, జనరల్, కొంత హోల్‌సేల్. గ్రాట్యుటీ డబ్బులు అందులోకే పోయాయి. పెన్షన్ వచ్చే మనిషి పేరుంటే బ్యాంకువాళ్లు నిలబెట్టి అడగరని లోను కాగితాలూ లైసెన్సులూ బావ పేరు మీదే చేయించాడు. చదవకుండా సంతకం పెట్టింది జీవితంలో ఆ ఒక్కసారేనని బావ అప్పుడప్పుడు అంటుంటాడు. అది కొడుకు మీద నమ్మకమని మేం అనుకుంటాం. కళ్లద్దాలు మర్చిపోయి పోయాడని అక్క అంటుంది.

తాండూరులో భావిగి భద్రేశ్వరుడి జాతరంటే చుట్టుపక్కల ఊళ్లన్నీ అక్కడే ఉంటాయి. కర్ణాటక సరిహద్దు ఎంతో దూరం లేదు కాబట్టి అటువాళ్లూ వస్తారు. మొన్నటి జాతరకు బావా నేనూ వికారాబాద్‌లో రైలెక్కి పోయాం. అక్కకు మోకాళ్ల నొప్పి, రానంది. బండి కదలబోతుంటే కిటికీ దగ్గరికొచ్చి నాకొక్కటే చెప్పింది: "మీ బావను మిఠాయి దుకాణాల దిక్కు పోనియ్యకు తమ్మీ. షుగరు మళ్లా పెరిగింది."

తాండూరు స్టేషన్లో దిగగానే కాళ్ల కింద నాపరాయి, కంటి ముందు నాపరాయి పొడి. ఊరి మెట్లు, అరుగులు, కాల్వల మీది మూతలు అన్నీ ఆ బండలే. జాతర బేరం కాబట్టి మేనల్లుడికి దుకాణంలో తల గీరుకునే తీరిక లేదు. మమ్మల్ని చూసి గల్లా దగ్గర్నుంచే దండం పెట్టాడు. కొడుకును మా వెంట పంపించి, ఇంటి తాళంచెవి బావ చేతిలో పెట్టాడు. ఆ గుత్తికి నోట్లు దొంగవో కావో చూసే చిన్న నీలం లైటు వేలాడుతోంది. బావకు అది బాగా నచ్చింది. దారి పొడుగునా ఒత్తుతూనే ఉన్నాడు.

మనవడు రెండో తరగతి. సెలవొస్తే దుకాణంలోనే ఉంటాడు, ఉప్పు నుంచి అగరబత్తుల దాకా అన్ని రేట్లూ నోటికొచ్చు. తాత అంటే ప్రాణం. కాకపోతే తాత మాట్లాడేటప్పుడు మధ్యలో దూరడానికి వాడికి సందు దొరకదు. మాకే దొరకదు, వాడికెక్కడ దొరుకుతుంది?

రథం దగ్గర దండం పెట్టుకుని అంగళ్ల వైపు మళ్లాం. గాజులు, బత్తీసలు, బొరుగులు, మిర్చి, రంగులరాట్నం. ఒకడు తెలుగులో ధర చెప్తే ఒకామె కన్నడంలో బేరమాడుతోంది, వెనక నుంచి ఇంకొకాయన ఉర్దూలో చిల్లర అడుగుతున్నాడు. ఎవరి పనీ ఆగడం లేదు. ఆ వరస చివర, రంగులరాట్నం పక్కన, పీచుమిఠాయి బండి.

పీచుమిఠాయి యంత్రం పక్కన ఎప్పుడైనా నిలబడి చూశారా? నేను చిన్నప్పుడు తినడమే గానీ చూడలేదు. నడుమ చిన్న గిన్నె, గిన్నె కింద మంట. అందులో చెంచాడు చక్కెర పోస్తాడు. గిన్నె గిర్రున తిరుగుతుంటే కరిగిన చక్కెర అంచుల్లోని సన్న బెజ్జాల్లోంచి బయటికి చిమ్ముతుంది. గాలి తగలగానే పోగై గడ్డకడుతుంది. ముందు ఏమీ కనిపించదు, గిన్నె చుట్టూ పొగమంచులాంటిదేదో ఆడుతుంటుంది. వాడు పుల్ల పెట్టి తిప్పేసరికి అది చిక్కబడి మన తలకాయంత అవుతుంది. చెంచాడు చక్కెరకు తలకాయంత సరుకు! ఇంత లాభసాటి భౌతికశాస్త్రం ఇంకెక్కడా లేదు.

వెదురు గడకు రెండు రంగుల ప్యాకెట్లు వేలాడుతున్నాయి. గులాబీవి ఎక్కువ, తెల్లవి నాలుగో ఐదో. మేం దగ్గరికి పోగానే బండివాడు మనవడిని చూసి నవ్వాడు.

"ఏం చిన్న సేటూ, జాతరకొచ్చినవా?" అంటూ, అడగకముందే తెల్లది తీసి వాడి చేతిలో పెట్టాడు.

"బేరగాళ్ల మాటలు చూడు. పోరగాన్ని గూడ సేటంటరు," అన్నాడు బావ నా చెవిలో. అని, గొంతు సవరించుకున్నాడు. నాకు అర్థమైంది, పాఠం మొదలు.

"గీ మిషిన్ కనిపెట్టింది ఎవరో తెలుసునారా? పళ్ల డాక్టరు! 1897ల అమెరికాల, నాష్‌విల్‌ల. మారిసన్ అని ఒక పళ్ల డాక్టరు, వార్టన్ అని ఒక మిఠాయిలాయన, ఇద్దరు కలిసి చేసిండ్రు. 1904ల సెయింట్ లూయిస్ ఎగ్జిబిషన్ల పెడితె 68,655 డబ్బాలు అమ్ముడుపోయినయి. డబ్బ పావు డాలరు. ఎగ్జిబిషన్ టికెట్టే అర్ధ డాలరు!"

బండివాడు గిన్నె తిప్పడం ఆపి విన్నాడు. "పళ్ల డాక్టరా సారూ? అయితే ఆయనకు రెండు దిక్కులా గిరాకే," అన్నాడు. బావ చెప్పిన దాంట్లోంచి సారం ఇంత తొందరగా పట్టుకున్న శిష్యుణ్ని నేను ఇంతవరకు చూడలేదు.

"ఔ గానీ, తెల్లయి గింత తక్కువున్నయేంది?" అన్నాడు బావ.

"ఇడ గులాబీయే అడుగుతరు సారూ. అటు సేడం, చించోళి జాతరలకు పోతె అన్ని తెల్లయే కొంటపోత. ఆడ రంగు బంద్ జేసిండ్రు గద."

అంతే, బావ కళ్లు మెరిశాయి. అడక్కపోయినా మొత్తం చరిత్ర విప్పాడు. 2024 ఫిబ్రవరిలో ముందు పుదుచ్చేరిలో నిషేధం. రోడమిన్-బి అనే రంగు బయటపడిందని అక్కడి లెఫ్టినెంట్ గవర్నరే వీడియోలో చెప్పారు. ఆమె ఎవరనుకున్నారు? తమిళిసై. అప్పుడు మన తెలంగాణ గవర్నరు కూడా ఆమే, పైగా స్వయంగా డాక్టరు. అదే నెలలో తమిళనాడు ఆపింది. మార్చి 11న కర్ణాటక. అక్కడ 25 పీచుమిఠాయి శాంపిళ్లు తీస్తే 15 పనికిరానివని తేలాయి. రంగు లేని తెల్లది అమ్ముకోవచ్చు, రంగుది కుదరదన్నారు. అదే రోజు గోబీ మంచూరియాకు వేసే ఎర్రరంగుకూ తాళం పడింది.

"ఇంగ రోడమిన్ అంటే ఏందనుకున్నవ్? బట్టలకు, కాయితాలకు, తోళ్లకు వేసే రంగది. తినేది కాదు. ఎలుకలకు పెట్టి చూసిండ్రు, మంచిది కాదని తేలింది. మన దేశంల తిండిల వేసుకోవచ్చని ఒప్పుకున్న సింథటిక్ రంగులు ఎనిమిదే ఎనిమిది. అండ్ల గిది లేనే లేదు. కర్ణాటకల పేరు పెట్టి బంద్ జేసిండ్రు, ఇడ పేరు పెట్టలేదేమో. పెట్టకున్నా చట్టం ఒక్కటే!"

ఈ ముక్క మాత్రం నిజం. సరిహద్దు రాయి దాటగానే రంగు మారుతుందేమో గానీ కడుపు మారదు కదా.

"గులాబీది మంచిది కాదు తాతా," అన్నాడు మనవడు, తెల్లది పీకి నోట్లో పెట్టుకుంటూ.

బావ ముఖం చూడాలి మీరు. రాష్ట్రపతి చేతుల మీదుగా ఉత్తమ ఉపాధ్యాయ అవార్డు తీసుకున్నవాళ్లు కూడా అంత వెలగరు. "ఇన్నవారా బామ్మర్దీ? రెండో తరగతి! రంగుది అడగనే లేదు సూడు. ఎవరు చెప్పిండ్రు బిడ్డా నీకు?"

"డాడీ చెప్పిండు. మన..."

"అగో! మీ డాడీకి చెప్పింది ఎవరు? నేనే! రక్తంలున్నదిరా." మనవడి నోట్లో ఇంకేదో మాట ఉంది గానీ, తాత వీపు తట్టేసరికి అది పీచుమిఠాయితో పాటు లోపలికి పోయింది.

అప్పుడే ఆయనకు ఆ బుద్ధి పుట్టింది. "ఒక గులాబీది ఇయ్యి. శాంపిల్ తీసుకుంట."

"తాతా, గులాబీది తినొద్దు!"

"తింటలేనురా. పరీక్ష."

ప్యాకెట్ విప్పి, వేళ్ల సందున చిటికెడంత పీకాడు. వెలుతురుకు పట్టి చూశాడు. వాసన చూశాడు. రుచి కూడా పరీక్షలో భాగమే అన్నట్టు నాలుక కొసన పెట్టుకున్నాడు.

అరవై దాటిన మనిషి నోట్లో పీచుమిఠాయి కరగడం ఎంత పెద్ద సంఘటనో నాకప్పుడే తెలిసింది. మొదట కనుబొమలు పైకి లేచాయి. నోట్లో ఏదో పెట్టుకున్నాం, అది లేదు, తీపి మాత్రం మిగిలింది. ఏమైందని వెతుక్కుంటూ నాలుక ఒకసారి చుట్టూ తిరిగొచ్చింది. మళ్లీ చిటికెడు. ఈసారి కొంచెం పెద్దది. పైపెదవి మీది తెల్ల మీసానికి గులాబీ పోగు ఒకటి అంటుకుని గాలికి ఊగుతోంది. "మా ఊరి జాతరల..." అన్నాడు, ఎవరితోనో నాకు తెలీదు. "అణా పెడితె గింత ఇస్తుండె. బుడ్డీకే బాల్ అంటుంటిమి. మా నాయిన ఇప్పియ్యకపోతుండె. దంతాలు పాడైతయనెటోడు." మూడో చిటికెను చిటికె అనడానికి లేదు. చెయ్యి మొత్తం పనిలోకి దిగింది. అక్క మాట నాకు గుర్తుంది. కానీ ఆ వయసులో ఆ ముఖంలో ఆ ఆనందం చూశాక ఎవరాపుతారు? పైగా దాంట్లో చక్కెర కన్నా గాలే ఎక్కువ కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

పుల్లకు నాలుగు పోగులు మిగిలినప్పుడు ఆయనకు సైన్సు మళ్లీ గుర్తొచ్చింది.

సోడా బండి దగ్గర గాజు గ్లాసుతో నీళ్లడిగి, ఆ నాలుగు పోగులూ అందులో ముంచాడు. పోగులు కరిగి నీళ్లు లేత గులాబీ అయ్యాయి. పొద్దు గూకింది, అంగళ్ల వెనక చీకటి. బావ గ్లాసును ఆ చీకట్లోకి తీసుకుపోయి తాళంచెవి గుత్తికున్న నీలం లైటు ఒత్తాడు. గ్లాసులో నీళ్లు ఒక్కసారిగా నారింజ రంగులో వెలిగాయి. లైటు తీస్తే మళ్లీ మామూలు గులాబీ. ఒత్తితే నారింజ. మనవడు "ఇంకోసారి తాతా!" అన్నాడు.

"రోడమిన్ గిట్లనే మెరుస్తది," అన్నాడు బావ. గొంతులో ఇందాకటి హుషారు లేదు. "ఇంతల్నే రుజువనద్దు. ల్యాబుల తేలాలె. కాని అనుమానం బలంగున్నది."

నేను మెల్లగా, "బావా, నాలుక ఒకసారి చూపియ్యి," అన్నాను. చూపించాడు. లైటు నాకిమ్మన్నాను. ఇవ్వలేదు.

తప్పు తిన్నవాడి కోపం తప్పు చేసినవాడి మీద రెండింతలు పడుతుంది. బావ గబగబా బండి దగ్గరికి నడిచాడు. జేబులోంచి మడత కాగితం తీసి, బండి అంచు మీద పరిచి, పెన్ను మూత నోటితో లాగాడు. 'గౌరవనీయులైన జిల్లా కలెక్టరు గారికి' అని రాసి కింద గీత కొట్టాడు. అక్షరాలు ముత్యాల్లా పడ్డాయి.

బండివాడు బెదిరిపోయాడు. "సారూ, నేను బీదోన్ని సారూ."

"నీ పేరు రాస్తలేను. నువ్వు భయపడకు. నువ్వు పుల్ల తిప్పుకుని బతికేటోనివి, నీకేం తెలుసు? నాకు గావాల్సింది నీకు రంగు అమ్మినోడు. చదువుకున్నోడై ఉంటడు. లైసెన్సుంటది, బోర్డుంటది, లోపల దేవుని ఫోటో ఉంటది. గాడు అసలు దొంగ. చెప్పు, ఏడ కొన్నవ్?"

"ఏడనో సారూ... యాదికి లేదు."

"తాండూరులనే గదా?"

బండివాడు జవాబివ్వలేదు. మనవడి వైపు చూశాడు. మళ్లీ గిన్నె వైపు చూశాడు. "పెద్దోళ్లతోని మాకెందుకు సారూ. ఉద్దెర ఇస్తడు, మంచిగనే ఉంటడు," అన్నాడు నసుగుతూ.

"మంచిగుంటడా? పిల్లల కడుపుల బట్టల రంగు పోసేటోడు మంచిగుంటడా? వానికి పిల్లలుండరా? వాని పోరగానికి పెడతడా గిది?" బావ గొంతు లేచింది. గాజుల అంగడి దగ్గరున్న ఇద్దరు ముగ్గురు ఇటు తిరిగారు. శ్రోతలు దొరికితే ఆయనకు ఊపు ఎక్కువ. "సోమవారం పొద్దున ప్రజావాణిల మొదటి అర్జీ నాదే ఉంటది. ఎంత పెద్దోడైనా వదిలిపెట్టేది లేదు. మా సొంతోడైనా సరే! దుకాణం పేరు చెప్పు. నిమ్మలంగ చెప్పు, స్పెల్లింగ్ తప్పు పోవద్దు."

బండివాడు నోరు విప్పలేదు. మనవడు తెల్ల పీచుమిఠాయి అయిపోయిన పుల్లను చివరిదాకా చప్పరించి కింద పడేశాడు. జాతర మొదలైన దగ్గర్నుంచీ ఇప్పటికి వాడికి సందు దొరికింది.

"మన దుకాణంలనే తాతా. గల్లా కింద డబ్బీలుంటయి. డాడీ నన్ను ముట్టొద్దన్నడు, అది బట్టల రంగంట. నన్ను తెల్లదే తినుమన్నడు."

బావ పెన్ను కాగితం మీద ఆగింది. పోరడు, పాపం, తాతకు పేరు తట్టలేదేమో అనుకున్నాడు.

"బోర్డు మీద నీ పేరే ఉన్నది గద తాతా. రాసుకో. స్పెల్లింగ్ నీకొస్తది."